ఇంట్లో చంటిబిడ్డ ఉంటే: తొలి ఏడాది ఏవి పెట్టకూడదు, ఎందుకు పెట్టకూడదు



మన ప్రైమరీ తరగతుల్లో అప్పుడప్పుడు ఒక చిన్నారి చాక్లెట్ల డబ్బా పట్టుకుని వస్తుంది. "టీచర్, మాకు తమ్ముడు పుట్టాడు" అంటూ అందరికీ పంచుతుంది. కొన్ని నెలలు గడిచాక అదే ప్రేమతో తన స్నాక్స్ డబ్బాలోంచి ఒక పల్లీనో, జంతిక ముక్కనో, చాక్లెట్ ముక్కనో తమ్ముడి నోట్లో కూడా పెడుతుంది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. పంచుకోవాలని మనమే నేర్పాం. తమ్ముడితో ఏది పంచుకోకూడదో మాత్రం చెప్పలేదు.

ఈ నెల పాఠం అలాంటి ఇళ్ళ కోసం. బడికి వెళ్ళే పిల్లలున్న ఇంట్లో చంటిబిడ్డ పెరగడం వేరు. నేల మీద పుట్నాలు పడి ఉంటాయి, సోఫా సందులో బఠాణీలు దొరుకుతాయి, బిడ్డకు తినిపించడానికి మరో రెండు చిన్న చేతులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పైగా "మొదటి బిడ్డను పెంచాం కదా, అన్నీ తెలుసు" అన్న ధైర్యం మనకు ఉంటుంది. కానీ ఈ పదేళ్ళలో కొన్ని సలహాలు మారాయి. పెట్టకూడనివాటి జాబితా నిజానికి చిన్నదే. ఒక్కోదానికి కారణం ఏమిటో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక, ఇంట్లో మిగతావారికి చెప్పడం ఇంకా తేలిక.

మొదటి ఆరు నెలలు: పాలు మాత్రమే

ఆరు నెలలు నిండేవరకు, అంటే 180 రోజులు, తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మంచినీళ్ళు కూడా వద్దు. "మన ఎండలకు బిడ్డ నోరు ఎండిపోదా?" అని చాలామంది అడుగుతారు. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే. మే నెలలో అయినా బిడ్డకు దాహమైతే పాలు ఇంకోసారి పట్టాలి, అంతే. నీళ్ళతో ఆ చిన్న పొట్ట నిండితే బిడ్డ తాగే పాలు తగ్గుతాయి. ఆ నీళ్ళు శుభ్రంగా లేకపోతే విరేచనాలు అదనం.

తల్లిపాలు ఇవ్వలేని పరిస్థితి ఉంటే డాక్టరు సూచించిన పాలపొడిని, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ రోజులు రావాలని పలుచగా కలిపితే బిడ్డకు బలం చాలదు.

పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్ళు పట్టడం, గ్లూకోజు నీళ్ళు ఇవ్వడం కూడా ఈ ఆరు నెలల్లో చేయకూడనివే.

తేనె: ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు

ఈ జాబితాలో మినహాయింపు లేనిది తేనె. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు తేనెలో ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో ఆ రక్షణ ఇంకా ఏర్పడదు కాబట్టి అక్కడ పెరిగి నరాలను దెబ్బతీసే విషాన్ని విడుదల చేయగలవు. పసిపిల్లల్లో ఈ జబ్బును 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదట గుర్తించారు. ఇది అరుదే. కానీ వస్తే బిడ్డకు ఊపిరి తీసుకోవడమే కష్టమై ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి రావచ్చు.

"మాది అడవి తేనె, అసలు కల్తీ లేదు" అన్నా ఫలితం ఒకటే. ఈ బీజాలు కల్తీ వల్ల వచ్చేవి కావు, స్వచ్ఛమైన తేనెలోనూ ఉండవచ్చు. వేడి పాలలో కలిపినా, ఇంట్లో మరిగించినా అవి చావవు. తేనె కలిపిన బిస్కెట్లు, తేనెలో ముంచిన పాలపీక కూడా వద్దు.

పొరపాటున ఎవరైనా నాకించి ఉంటే కంగారుపడకుండా కొన్ని వారాలు గమనించండి. మలబద్ధకం మొదలవడం, ఏడుపు సన్నబడడం, పాలు గట్టిగా చప్పరించలేకపోవడం, మెడ నిలపలేక ఒళ్ళు వదిలేసినట్టు ఉండడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి, తేనె నాకించిన సంగతి దాచకుండా చెప్పండి.

ఆవుపాలు, గేదెపాలు, టీ

మన ఇళ్ళలో అందరికీ ఆశ్చర్యం కలిగించే మాట ఇది. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు బిడ్డకు ప్రధాన పానీయం కాకూడదు. వాటిలో ఇనుము చాలా తక్కువ. ప్రొటీన్లు, లవణాలు బిడ్డ మూత్రపిండాలకు భారమయ్యేంత ఎక్కువ. కొందరు పిల్లలకు ఆవుపాల వల్ల పేగుల్లోంచి కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోతుంది కూడా. నీళ్ళు కలిపి పలుచన చేస్తే ఈ ఇబ్బంది తీరదు సరికదా, ఉన్న బలం కూడా తగ్గుతుంది. కాచని పచ్చిపాలు ఏ వయసు పిల్లలకూ వద్దు.

ఇనుము గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము దాదాపు ఆరు నెలల వరకే సరిపోతుంది. ఆ తర్వాత తిండి నుంచే రావాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రేపు మన తరగతి గదుల్లో కూర్చునేది వీళ్ళే. ఇనుము తక్కువైన పిల్లలు త్వరగా అలసిపోతారు, చదువు మీద ధ్యాస నిలపలేరు.

అందుకే టీలో బిస్కెట్టు ముంచి పెట్టే అలవాటు కూడా మానాలి. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. బిస్కెట్టులో ఉండేది మైదా, చక్కెర. అంటే ఒక పూట ఆకలి తీరినట్టు కనిపిస్తుంది, బిడ్డకు దక్కేది మాత్రం ఏమీ ఉండదు. పెద్దపిల్లలు పాలలో కలుపుకునే చాక్లెట్ పొడులు కూడా చంటిబిడ్డకు వద్దు.

ఆరు నెలలు దాటాక గడ్డకట్టిన తాజా పెరుగు కొద్దిగా అన్నంలో కలిపి పెట్టవచ్చు. దానికి ఈ అభ్యంతరం లేదు.

ఉప్పు, పంచదార, బెల్లం

"ఉప్పు లేకపోతే ఎలా తింటుంది, చప్పగా ఉండదూ?" అని మనకు అనిపిస్తుంది. ఉప్పు రుచి ఎరగని నాలుకకు చప్పదనం తెలియదు. ఏడాదిలోపు బిడ్డకు రోజు మొత్తంలో ఉప్పు 1 గ్రాముకు మించకూడదు. ఒక టీ చెంచా ఉప్పు 5 గ్రాముల పైమాటే అని గుర్తుంచుకుంటే, ఆ 1 గ్రాము ఎంత చిన్న చిటికెడో అర్థమవుతుంది. పాలలోనూ, కూరగాయల్లోనూ సహజంగా ఉన్నదే బిడ్డకు చాలు. కుక్కర్‌లోంచి పప్పు, అన్నం బిడ్డ గిన్నెలోకి తీశాకే మిగతాదాంట్లో ఉప్పు, కారం, పోపు వేసుకోండి. ఊరగాయ, అప్పడం, చిప్స్, రెండు నిమిషాల నూడుల్స్, ప్యాకెట్ సూపులు పూర్తిగా దూరం పెట్టండి.

పంచదార, పటికబెల్లం, బెల్లం, ఖర్జూర సిరప్, అన్నీ తీపే. బెల్లంలో ఇనుము ఉంటుందని దాన్ని మందులా పెట్టడం సరికాదు. బిడ్డ తినగలిగే కొద్దిపాటి బెల్లంలో వచ్చే ఇనుము లెక్కలోకి రాదు, అలవాటయ్యే తీపి మాత్రం మిగిలిపోతుంది. రెండేళ్ళు నిండేదాకా విడిగా తీపి కలపవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. పండ్లరసం ఇంట్లో తీసినదైనా ఏడాదిలోపు వద్దు. పండునే మెత్తగా నలిపి పెడితే పీచుతో సహా అందుతుంది.

గొంతుకు అడ్డుపడేవి

బడిపిల్లలున్న ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. బిడ్డ గాలిగొట్టం దాదాపు తన చిటికెనవేలంత సన్నగా ఉంటుంది. ముందుపళ్ళు వచ్చినా నమిలే దవడపళ్ళు రావు కాబట్టి గట్టి పదార్థం ముక్కగానే లోపలికి జారుతుంది.

దూరం ఉంచవలసినవి: పల్లీలు, పుట్నాలు, వేయించిన బఠాణీలు, జీడిపప్పు, బాదం వంటి గింజలు. జంతికలు, సకినాలు, చేగోడీలు, బూందీ. పాప్‌కార్న్. ఆవిరిపట్టని క్యారెట్, ఆపిల్ ముక్కలు. నిలువుగా నాలుగు ముక్కలు చేయని ద్రాక్ష. సీతాఫలం, సపోటా, రేగు, నేరేడు గింజలు. చింతగింజలు. గట్టి చాక్లెట్లు, జెల్లీలు. గింజలు పొడి చేయకుండా పెట్టడం ఐదేళ్ళ వరకూ మంచిది కాదు.

పల్లీతో ఇంకో చిక్కు ఉంది. గాలిగొట్టంలోకి జారిన పల్లీ తడికి ఉబ్బుతుంది. ఆ క్షణం బిడ్డ దగ్గి ఊరుకోవచ్చు, అంతా సర్దుకున్నట్టే కనిపించవచ్చు. కొన్ని రోజుల తర్వాత తగ్గని దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. అలాంటి దగ్గుకు మందుల షాపులో సిరప్ కొనకండి. "ఫలానా రోజు పల్లీలు తింటూ దగ్గింది" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష త్వరగా జరుగుతుంది.

పడుకోబెట్టి, పరిగెత్తిస్తూ, ఏడుస్తున్నప్పుడు, ఫోన్ చూపిస్తూ తినిపించకండి. బిడ్డ నిటారుగా కూర్చోవాలి, ఒక పెద్ద మనిషి ఎదురుగా ఉండాలి.

అడ్డుపడితే ఏం చేయాలి

మనకు పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తడతాం. చంటిబిడ్డ గొంతుకు అడ్డుపడితే నెత్తి మీద తట్టడం పనికిరాదు.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే దగ్గనివ్వండి, కనిపెట్టుకుని ఉండండి. దగ్గు రాక, గొంతు పెగలక, పెదాలు నీలంగా మారుతుంటే వెంటనే ఇలా చేయండి. మీరు కూర్చుని బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. తల ఛాతీ కన్నా కిందికి ఉండాలి, దవడను మీ చేత్తో ఆపాలి. రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో గట్టిగా 5 సార్లు చరచండి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కండి. వస్తువు వచ్చేవరకు లేదా సాయం అందేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే సి.పి.ఆర్. మొదలుపెట్టాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, అది ఇంకా లోపలికి వెళుతుంది. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట మీద నొక్కవద్దు. చదివి తెలుసుకోవడం కన్నా ఒకసారి చూసి నేర్చుకోవడం మేలు. టీకాకు వెళ్ళినప్పుడు మీ పిల్లల డాక్టరును చూపించమని అడగండి.

ఉగ్గు, వస, గ్రైప్ వాటర్

గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. వస పోస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది హాని చేస్తుందని తేలడంతో అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. నిజానికి మాటలు వచ్చేది మాటల వల్లే. స్నానం చేయిస్తూ, బట్టలు మడుస్తూ బిడ్డతో కబుర్లు చెప్పండి. మీ పెద్దపిల్లతో రోజూ పది నిమిషాలు తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు బిడ్డకు చదివించండి. ఇద్దరికీ చదువే.

గ్రైప్ వాటర్ వల్ల బిడ్డకు అవసరమైన మేలేమీ లేదు. ఆముదం, నూనె బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. బిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే కారణం ఏమిటో డాక్టరుతో చూపించుకోవడమే సరైన దారి.

భయపడి మానేయనక్కర్లేనివి: గుడ్డు, వేరుశనగ, చేప

ఇక్కడే సలహా మారింది. మీ మొదటి బిడ్డ సమయంలో "అలర్జీ వస్తుంది, ఏడాది దాటాక గుడ్డు, వేరుశనగ పెట్టండి" అని విని ఉంటారు. 2015లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఈ ఆలోచనను తిరగరాసింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి వేరుశనగను తొలి ఏడాదిలోనే తినిపించడం మొదలుపెట్టారు, మిగతా సగం మందికి దూరంగా ఉంచారు. ఐదేళ్ళు వచ్చేసరికి తిన్న పిల్లల్లో వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది.

కాబట్టి ఆరు నెలలు దాటాక వేరుశనగ పెట్టవచ్చు, గింజగా మాత్రం కాదు. బూజు లేని మంచి గింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తటి పొడి చేసి, జావలో కొద్దిగా కలపండి. గుడ్డును పచ్చసొన, తెల్లసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించి నలిపి పెట్టండి. సగం ఉడికిన గుడ్డు వద్దు. ముల్లు పూర్తిగా తీసిన చేప మంచిదే. సొరచేప మాత్రం వద్దు, అందులో పాదరసం ఎక్కువ.

కొత్త పదార్థం ఏదైనా ఒక్కొక్కటిగా, పగటిపూట మొదలుపెట్టండి. రెండు మూడు రోజులు చూసి ఇంకొకటి చేర్చండి. పెదాలు వాయడం, ఒంటి మీద దద్దుర్లు, వరుస వాంతులు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బిడ్డకు ఒంటి నిండా తామర ఉంటే ముందు డాక్టరును అడిగాకే వేరుశనగ, గుడ్డు పెట్టండి.

మరి ఏం పెట్టాలి

రాగిజావ, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన పప్పన్నం, ఇడ్లీ, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, పాలకూర పప్పు, నలిపిన అరటిపండు, బొప్పాయి, గుడ్డు, మెత్తగా ఉడికించి రుబ్బిన మాంసం. చెంచా వంచితే నీళ్ళలా కారిపోకూడదు, కాస్త నిలిచేంత చిక్కగా ఉండాలి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చు.

డబ్బా ఆహారం లేకపోతే బిడ్డ వెనకబడుతుందని ఎవరైనా అంటే ఒక విషయం గుర్తుంచుకోండి. మన దేశంలో 1992లో వచ్చిన చట్టం, దానికి 2003లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల ఆహారాలకు, పాలపొడులకు ప్రకటనలు ఇవ్వడమే నేరం.

పెద్దవాళ్ళను నొప్పించకుండా

తేనె నాకించేది నాయనమ్మే, వస అరగదీసేది అమ్మమ్మే. వాళ్ళు మనల్ని పెంచిన మనుషులు. "మీకేం తెలియదు" అంటే మాట పెరుగుతుంది. "అత్తయ్యా, డాక్టరుగారు ఏడాది నిండాక తేనె పెట్టమన్నారు. పుట్టినరోజు నాడు మీ చేత్తోనే నాకిద్దురుగాని" అంటే ఆవిడ గౌరవం నిలుస్తుంది, బిడ్డా క్షేమంగా ఉంటుంది. టీకాకు వెళ్ళేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్ళి డాక్టరుతోనే చెప్పించండి.

అన్నప్రాసన మానక్కర్లేదు. మన పెద్దలు ఆరో నెల అనడం నేటి వైద్యానికి దగ్గరగానే ఉంది. ముహూర్తం ఐదో నెలలో వస్తే పరమాన్నం మెతుకు పెదవికి తాకించి వేడుక చేసుకోండి, రోజూ తినిపించడం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టండి. ప్రసాదంలో తేనె కలపకుండా చూడండి. బిడ్డ ముందు పుస్తకం, కలం పెట్టేటప్పుడు నాణేలు, ఉంగరాలు నోట్లోకి వెళ్ళకుండా ఒకరు పక్కనే కూర్చోండి.

ఈ నెల ఇంటిపని: మీ బడిపిల్లలతో

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలు నియమాన్ని ఇష్టంగా పాటిస్తారు, కారణం చెబితే ఇంకా బాగా పాటిస్తారు. ఒక ఆదివారం కూర్చోబెట్టి "తమ్ముడి గొంతు ఇంతే" అని వాడి చిటికెనవేలు చూపించండి. తర్వాత ఒక చార్టు మీద వాళ్ళ చేతనే ఈ నాలుగు మాటలు రాయించి ఫ్రిజ్‌కు అంటించండి.

అమ్మానాన్నలను అడగకుండా బుజ్జికి ఏమీ పెట్టను.
నా స్నాక్స్ బల్ల దగ్గరే తింటాను, కింద పడితే ఏరేస్తాను.
చుట్టాలు ఏదైనా పెడుతుంటే అమ్మను పిలుస్తాను.
బుజ్జి దగ్గలేకపోతే, ఏడవలేకపోతే వెంటనే అరిచి పెద్దవాళ్ళను పిలుస్తాను.

"పెట్టకు" అని మాత్రమే చెబితే పిల్లల మనసు చిన్నబోతుంది. కాబట్టి పెట్టే పని కూడా ఒకటి ఇవ్వండి. మీరు నలిపిన అరటిపండు గిన్నె వాళ్ళ చేతికిచ్చి, మీ ఎదురుగా, చెంచాతో తినిపించనివ్వండి. పంచుకోవడం అలాగే ఉంటుంది, బిడ్డకూ ప్రమాదం ఉండదు. పిల్లలు తయారుచేసిన చార్టును క్లాస్ టీచరుకు పంపితే తరగతి గోడ మీద పెడతారు. ఇంట్లో తమ్ముడో చెల్లో లేని పిల్లలు కూడా చదువుతారు. పక్కింట్లోనో, పిన్ని వాళ్ళింట్లోనో ఒక చంటిబిడ్డ ఉండే ఉంటుంది.